విభక్తుల పెట్టె: చెల్లి ఇంగ్లీషు కోసం 120 కార్డులు

జూన్ 27

ఆషాఢం వచ్చింది. శ్రావణం దాకా మా ప్రెస్సుకి శుభలేఖల పని ఉండదు. బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు మాత్రమే. ఈ నెల రోజుల్లో చెల్లికి ఒక పని చేసి పెడదామని కూర్చున్నాను.

చెల్లి నర్సు. కాకినాడలోనే ఒక ఆసుపత్రిలో ఆరేళ్ళుగా చేస్తోంది. ఇంగ్లండు వెళ్ళడానికి ఓఈటీ (వైద్య రంగంలో పనిచేసేవాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాయబోతోంది. అందులో మాట్లాడే భాగంలో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి. ఒక్కోటి 5 నిమిషాలు. ముందు 3 నిమిషాలు కార్డు చదువుకోనిస్తారు, తర్వాత ఎదుటి మనిషి పేషెంటుగా మాట్లాడతారు, మనం నర్సుగా జవాబివ్వాలి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి వినడం, చదవడం, మాట్లాడడంలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్ చాలు. చెల్లికి రాయడం, చదవడం భయం లేదు. టెన్షన్ అంతా వినడం, మాట్లాడడం దగ్గరే.

నిన్న రాత్రి డ్యూటీకి వెళ్ళే ముందు ప్రాక్టీసు ఆడియో ఒకటి ఇద్దరం విన్నాం. అందులో ఒకావిడ "ఐ ఫెల్ట్ సిక్ ఆల్ మార్నింగ్" అంది. చెల్లి "ఒంట్లో బాగా లేదంటోంది" అని రాసుకుంది. ఆవిడ చెప్పింది అది కాదు. పొద్దుటి నుంచి కడుపులో తిప్పుతోందని. బ్రిటన్‌లో "ఫీల్ సిక్" అంటే ఎక్కువగా వికారం, "ఐ హావ్ బీన్ సిక్ ట్వైస్" అంటే రెండుసార్లు వాంతి అయిందని. ఒంట్లో బాగా లేదని చెప్పడానికి వాళ్ళకు "పూర్లీ" అనే మాట ఉంది. ఆరేళ్ళు వార్డులో పనిచేసిన మనిషి, వికారం అంటే ఏమిటో మనకంటే వందరెట్లు తెలిసిన మనిషి, మాట దగ్గర ఆగిపోయింది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

జూన్ 28

సమస్య ఏమిటో పొద్దున్నే కాగితం మీద పెట్టాను. మనకు బడిలో నేర్పింది పుస్తకాల ఇంగ్లీషు: వామిట్, పోస్ట్‌పోన్, టాలరేట్, యూరినేట్. అక్కడి ముసలావిడ నోట్లో ఉండేది త్రో అప్, పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, పాస్ వాటర్. తెలుగు నేర్చుకున్న విదేశీయుడికి "వమనం" తెలిసి "కక్కుకున్నాడు" తెలియకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. తప్పు భాష కాదు, గ్రాంథికం.

త్రో అప్, పుట్ ఆఫ్ లాంటి జంట క్రియలు ఎన్ని నేర్చుకోవాలి? డిక్షనరీలు చూస్తే వేలల్లో ఉన్నాయి, గుండె జారిపోతుంది. అయితే గార్డ్‌నర్, డేవీస్ అనే ఇద్దరు 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ని, అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషుని పోగేసిన 10 కోట్ల మాటల భాండాగారాన్ని లెక్కగట్టారు. ఇలాంటి జంట క్రియల వాడకంలో దాదాపు మూడో వంతు మొదటి 25 క్రియలదేనట, మొదటి 100 తీసుకుంటే సగం దాటుతుందట. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది "గో ఆన్". గార్నియర్, ష్మిట్ అనే ఇంకో ఇద్దరు 2015లో 150 క్రియలు ఎంచి, వాటికి నిజంగా తరచుగా వాడే అర్థాలు 288 అని తేల్చారు. అంటే సగటున మాటకి రెండు అర్థాలు. డిక్షనరీలో ఒక్కోదానికి ఏడెనిమిది చూసి బెదిరిపోయిన మాకు ఇది పెద్ద ధైర్యం.

ఆ జాబితాలో కూడా ఆఫీసు వాసన వేసేవి పక్కన పెట్టాను. "క్యారీ అవుట్" ముందు వరసలో ఉంది కానీ అది రిపోర్టుల్లో మాట, మంచం మీద మనిషి అనడు. చివరికి 40 మామూలు క్రియలు, 40 ఆసుపత్రి క్రియలు, 40 విశేషణాల పదబంధాలు (భయం, కోపం, అలవాటు, విసుగు లాంటివి) అనుకున్నాను. మొత్తం 120.

జూన్ 29

శుభలేఖలకు తెచ్చిన 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు మిగిలింది ఉంది. ఎ4 షీటుకి 8 ముక్కలు వస్తాయి. 15 షీట్లకి సరిగ్గా 120. లామినేషన్ వద్దనుకున్నాను, చెల్లి పెన్సిల్‌తో రాసుకోవాలి కదా. మూలలు గుండ్రంగా కట్ చేశాను, బ్యాగులో చివర్లు నలగకుండా.

పెట్టెకి లైట్నర్ పద్ధతి పెట్టాను. 1972లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ చెప్పింది. పెట్టెలో అయిదు అరలు. కార్డు సరిగ్గా చెప్తే తర్వాతి అరకి జరుగుతుంది, తప్పితే మళ్ళీ మొదటి అరకి. మొదటి అర రోజూ చూడాలి, వెనకవి రోజులు వదిలి వదిలి చూడాలి. రాత్రి డ్యూటీ మనిషికి ఇది బాగా పనికొస్తుంది, పది నిమిషాలు దొరికినా చాలు.

జూలై 3

మొదటి వారం బాగా జరగలేదు.

క్రియని బట్టి పేర్చాను. గెట్ కార్డులన్నీ ఒక చోట, పుట్ కార్డులన్నీ ఒక చోట. గెట్ ఓవర్, గెట్ ఆన్ విత్, గెట్ బై, గెట్ అవే విత్ వరసగా చదివితే చెల్లికి నాలుగూ కలిసిపోయాయి. "కోలుకున్నాడు అంటే గెట్ ఓవరా గెట్ బైయా అన్నయ్యా?" అని మూడు రోజుల్లో మూడుసార్లు అడిగింది. ఒక పోలిక ఉన్నవాళ్ళను పక్కపక్కన నిలబెట్టి పరిచయం చేస్తే ఎవరు ఎవరో గుర్తుండదు. అలాగే అయింది.

విశేషణాల కార్డులు ఇంకా కష్టంగా ఉన్నాయి. అర్థం చెప్తుంది, పక్కన రావలసిన చిన్న మాట తప్పుతుంది. "యాంగ్రీ ఆన్ మీ". "మ్యారీడ్ విత్ ఎ డ్రైవర్". "గుడ్ ఇన్ డ్రెస్సింగ్స్". ఈ తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి ప్రెస్సు గోడకి అంటించాను. రోజంతా వాటినే చూస్తున్నాను.

జూలై 6

తొలి ఏకాదశి. అమ్మ పేలాల పిండి చేసింది. పక్కింటి పిల్లాడు గుమ్మంలో కూర్చుని తెలుగు పాఠం గట్టిగా చదువుతున్నాడు: డుమువులు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి, చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయా విభక్తి...

చేతిలో పిండి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గోడ మీద కాగితంలో ఉన్నది ఇదే! చెల్లి ఇంగ్లీషులో తప్పు చేయడం లేదు, తెలుగు విభక్తిని ఇంగ్లీషులోకి తెస్తోంది. నా మీద కోపం కాబట్టి ఆన్ మీ. డ్రైవరుతో పెళ్ళయింది కాబట్టి విత్ ఎ డ్రైవర్. కట్లు కట్టడంలో గట్టి కాబట్టి ఇన్. తెలుగు మాట ఎక్కడ ముగుస్తుందో అక్కడే ఇంగ్లీషు తప్పు మొదలవుతోంది.

అంటే కార్డులు పేర్చాల్సింది ఇంగ్లీషు క్రియని బట్టి కాదు, తెలుగు విభక్తిని బట్టి.

మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు దాకా కూర్చుని విశేషణాల కార్డులతో పాటు, క్రియల్లో ఇలా చివర్లో తడబడే వాటిని కూడా మళ్ళీ విడగొట్టాను. "తో" కుప్ప ఒక్కటే చూస్తే ఆశ్చర్యంగా ఉంది. డ్రైవరుతో పెళ్ళయింది: మ్యారీడ్ టు. షుగర్‌తో బాధపడుతున్నారు: సఫరింగ్ ఫ్రమ్. గుండెపోటుతో పోయారు: డైడ్ ఆఫ్. ఈ నొప్పితో విసిగిపోయాను: ఫెడ్ అప్ విత్. మన ఒక్క "తో"కి అక్కడ నాలుగు మాటలు. అందులో విత్ ఒక్కసారే వచ్చింది. ఈ నాలుగు కార్డులూ చెల్లి ముందు వరసగా పరిస్తే, చూసిన వెంటనే "అయ్యో, నేను అన్నిటికీ విత్ అంటున్నాను" అంది. వారం రోజులు నేను చెప్పినా రానిది అలా వచ్చింది.

"మీద" కుప్పలో కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. పిల్లల మీద ఆధారపడ్డారు: డిపెండెంట్ ఆన్. బీపీ మందుల మీద ఉన్నారు: ఆన్ మెడికేషన్. ఈ రెండూ మనలాగే. కానీ నర్సు మీద కోపం: యాంగ్రీ విత్. కలిసే వాటికి కార్డు మూలన పసుపు చుక్క, కలవని వాటికి ఎర్ర చుక్క పెట్టాను. పసుపు చుక్క ఉంటే తెలుగుని నమ్మొచ్చు, ఎర్ర చుక్క ఉంటే ఆగి ఆలోచించాలి. శుభలేఖల స్క్రీన్ ప్రింటింగుకి వాడే రంగులే ఇవీ.

"అంటే" కుప్ప అన్నిటికంటే తేలిక. సూదంటే భయం: స్కేర్డ్ ఆఫ్. మనవలంటే ప్రాణం: ఫాండ్ ఆఫ్. చాలా చోట్ల "ఆఫ్"తో సరిపోతుంది. "లో" కుప్పలో గుడ్ ఎట్ ఎర్ర చుక్క, ఇంట్రస్టెడ్ ఇన్ పసుపు చుక్క. "గురించి" కుప్పలో ఒక వింత కార్డు ఉంది: ఆపరేషన్ గురించి చర్చించాం అంటే డిస్కస్ తర్వాత ఏమీ రాదు. అబౌట్ అక్కర్లేదు. ఆ కార్డు వెనక ఖాళీగా వదిలి ఎర్ర చుక్క మాత్రం పెట్టాను.

"మీద", "అంటే" ఆ పిల్లాడి విభక్తుల పాఠంలో లేవు. అయినా మన నోట్లో ఆ పని చేస్తున్నవి అవే కాబట్టి నా పెట్టెలో వాటికీ చోటిచ్చాను.

జూలై 8

వెనక వైపు ప్రింటు వేసేటప్పుడు షీటు తిరగేయడం తప్పింది. ఎడమ కుడి మారి, 5 షీట్లలో 40 కార్డులకి వెనక పక్క కార్డు జవాబు పడింది. స్వెల్ అప్ (వాచడం) వెనక "అలవాటు పడటం" అని వచ్చింది. అన్నీ పారేసి కొత్త బోర్డు కోశాను. ఈసారి మొదటి షీటు కిటికీ వెలుగులో పెట్టి చూసుకుని మిగతావి వేశాను.

జూలై 10

ఈరోజు పాస్ కార్డులు. వీటిని విడిగా కూర్చుని చేయాల్సి వచ్చింది, ఎందుకంటే ఇక్కడ అడ్డం పడేది మన తెలుగు కాదు, మన ఇండియా ఇంగ్లీషు.

చెల్లి తన గురించి చెప్పుకునేటప్పుడు "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2018" అంటుంది. మన కాలేజీల్లో అందరం అలాగే అంటాం, పాసవుట్ బ్యాచ్ అని వాట్సాప్ గ్రూపులు కూడా ఉన్నాయి. కానీ అక్కడి ఆసుపత్రిలో ఆ మాట వింటే స్పృహ తప్పి పడిపోయిందనుకుంటారు. చదువు పూర్తయిందనడానికి క్వాలిఫైడ్ అంటే చాలు. స్పృహ తప్పడం పాస్ అవుట్, మళ్ళీ తెలివి రావడం కమ్ రౌండ్, మూత్రానికి వెళ్ళడం పాస్ వాటర్, మనిషి పోవడం పాస్ అవే.

చివరి కార్డు దగ్గర చెల్లి కాసేపు ఆగింది. "మనం కూడా చచ్చిపోయారు అనం కదా అన్నయ్యా, పోయారు అంటాం, కాలం చేశారు అంటాం. పేషెంటు వాళ్ళతో ఆ మాట చెప్పాల్సిన రోజు నేనెలా చెప్తానో అని భయం" అంది. ఆ కార్డు వెనక అర్థం రాయడం మానేసి, పూర్తి వాక్యం రాశాను: "ఐయామ్ సో సారీ, షీ పాస్డ్ అవే దిస్ మార్నింగ్." చెల్లి దాన్ని పది సార్లు నెమ్మదిగా చదివింది. మాట వచ్చాక ఆగి, ఎదుటివాళ్ళకి టైమివ్వాలంది. అది నాకు తెలియని సంగతి, తన ఉద్యోగం నేర్పింది.

జూలై 13

క్రియల కార్డులకి కూడా తెలుగులోంచే దారి దొరికింది. "అప్, ఆఫ్, అవుట్ ఎందుకు తగిలిస్తారో అర్థం కాదు" అని చెల్లి విసుక్కుంటుంటే, మనం కూడా తగిలిస్తాం కదా అనిపించింది. తిను, తినేయ్. తాగు, తాగేయ్. ఈట్, ఈట్ అప్. డ్రింక్, డ్రింక్ అప్. పూర్తిగా కానియ్ అని చెప్పడానికి మనం క్రియ వెనక ఏయ్ పెడతాం, వాళ్ళు అప్ పెడతారు. మందులు అయిపోయాయి అనడానికి మనకు "పో" కావాలి, వాళ్ళకు రన్ అవుట్‌లో "అవుట్" కావాలి.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. మన "పడిపోవడం" చూడండి. మెట్ల మీద పడిపోయాడు. బీపీ పడిపోయింది. చెయ్యి పడిపోయింది. మాట పడిపోయింది. మొదటిది కింద పడటం, రెండోది తగ్గడం, మూడోది పక్షవాతం, నాలుగోది మాట రాకపోవడం. మన వార్డులో ఆయా కూడా ఈ నాలుగూ తికమక లేకుండా అర్థం చేసుకుంటుంది. ఎలా? పడింది ఏమిటో చూసి. చెయ్యి పడిపోయిందంటే కింద వెతకరు.

ఇంగ్లీషులోనూ అంతే. పుట్ ఆన్‌కి అర్థం ఏమిటని అడిగితే జవాబు లేదు. పుట్ ఆన్ వెయిట్ అంటే లావెక్కడం, పుట్ ఆన్ గ్లవ్స్ అంటే తొడుక్కోవడం, పుట్ ద కెటిల్ ఆన్ అంటే టీ పెట్టడం. అందుకని ఇక కార్డు మీద ఒంటరి క్రియ రాయకూడదని నిర్ణయించుకున్నాను. పక్కన ఒక నామవాచకం ఉండి తీరాలి. వేర్ ఆఫ్ అని కాదు, "ది అనస్థటిక్ ఈజ్ వేరింగ్ ఆఫ్" అని. వెనక "మత్తు దిగుతోంది". గో డౌన్ అని కాదు, "ద స్వెల్లింగ్ హాజ్ గాన్ డౌన్" అని. వెనక "వాపు తగ్గింది". మనం జ్వరం దిగిందంటాం, మత్తూ దిగిందంటాం. వాళ్ళకు ఒకటి డౌన్, ఒకటి ఆఫ్. ఇలాంటి జంటలు దొరికిన చోట రెండు కార్డులనీ చిన్న గీతతో కలిపాను.

48 కార్డులు మళ్ళీ టైపు చేశాను. పని పెరిగింది కానీ ఒక్క కార్డు గురించీ బాధ లేదు.

జూలై 15

యూజ్డ్ టు. దీని మీద ఒక సాయంత్రం పోయింది, పోవాల్సిందే. "ఐ యూజ్డ్ టు స్మోక్" అంటే సిగరెట్లు తాగేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. "ఐయామ్ యూజ్డ్ టు ద నాయిస్" అంటే ఆ గోల నాకు అలవాటే. "ఐయామ్ గెట్టింగ్ యూజ్డ్ టు ఇట్" అంటే అలవాటు పడుతున్నాను. తెలుగులో మూడింటికీ మూడు వేరే రూపాలున్నాయి, తాగేవాణ్ణి అన్నది ఒక్క మాటలో ఎంత చక్కగా చెప్తుందో! తెలుగు ముందు చూపించి ఇంగ్లీషు అడిగితే చెల్లి ఒక్కసారి కూడా తడబడలేదు. రెండో, మూడో వాటి తర్వాత క్రియ వస్తే ఇంగ్ చేర్చాలి: యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ. లుక్ ఫార్వర్డ్ టు కూడా ఈ దారే, సీయింగ్ యూ అనాలి.

పేషెంటు "ఐ యూజ్డ్ టు స్మోక్" అంటే కేసు షీటులో మాజీ అలవాటని రాయాలి. ఇప్పటి అలవాటని రాస్తే చాలా పెద్ద తేడా.

జూలై 17

చిన్న మార్పు. విడదీయగలిగే క్రియలన్నిటికీ మధ్యలో "ఇట్" పెట్టి మళ్ళీ రాశాను. పుట్ ఇట్ ఆఫ్. గివ్ ఇట్ అప్. కానీ గెట్ ఓవర్ ఇట్, లుక్ ఆఫ్టర్ ఇట్. విడదీయొచ్చా లేదా అని రూలు గుర్తుపెట్టుకోకుండా చెవికి పట్టేలా. చెల్లి స్కూటీ మీద వెళ్తూ పాటలా అనుకుంటోందట.

జూలై 20

ఈరోజు అమ్మని పేషెంటుగా కూర్చోబెట్టాం. అమ్మ తెలుగులో చెప్తుంది, అదే మాట అక్కడి పేషెంటు ఎలా అంటారో చెల్లి చెప్పాలి, తర్వాత నర్సుగా ప్రశ్న అడగాలి. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి ఏ మాటా తేలిక చేసి ఇవ్వదు. అదే మాకు కావలసింది.

"కడుపులో తిప్పుతోందే." ఐ ఫీల్ సిక్. వెంటనే వచ్చింది.

"నాలుగు మెట్లెక్కితే ఆయాసం." ఐ గెట్ షార్ట్ ఆఫ్ బ్రెత్.

"దగ్గితే ఏదో పడుతోంది." కొంచెం ఆలోచించి, "ఆర్ యూ బ్రింగింగ్ ఎనీథింగ్ అప్?" అని నర్సు ప్రశ్నగా అడిగింది.

"మా అమ్మకీ షుగరే, మా అన్నయ్యకీ షుగరే." ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ.

"నాకు వంకాయ పడదు." చెల్లి "అలర్జిక్ టు" అంది. నేను ఆపాను. పడకపోవడం వేరు, అలర్జీ వేరు. దురద, వాపు, ఊపిరి ఆడకపోవడం ఉంటే అలర్జిక్ టు. తిన్నాక కడుపు బాగోకపోతే "ఇట్ డజంట్ అగ్రీ విత్ మీ". "అలర్జీ అని కేసు షీటు మీద రాశావంటే డాక్టరు దాన్ని బట్టే మందు మారుస్తారు కదా" అంటే, "మారుస్తారు అన్నయ్యా, అందుకే ఏమవుతుందో అడిగి రాయాలి" అంది. పడదు అనే ఒక్క తెలుగు మాటకి రెండు కార్డులు చేయాల్సి వచ్చింది. పెట్టెలో ఇప్పుడు 121.

మధ్యలో అమ్మ చెల్లిని అడిగింది, "అక్కడ వాళ్ళు మంచం ఎక్కండి అనడానికి ఏమంటారే?" అని. నర్సులు చాలా చోట్ల "పాప్ అప్ ఆన్ ద బెడ్ ఫర్ మీ" అంటారు, చొక్కా చెయ్యి పైకి తీయమనడానికి "పాప్ యువర్ స్లీవ్ అప్" అంటారు. ఆజ్ఞలా కాకుండా, మనం పెద్దవాళ్ళని "ఇలా వచ్చి కాస్త కూర్చోండమ్మా" అన్నంత మెత్తగా ఉంటుంది. అమ్మకి ఆ మాట నచ్చింది. సాయంత్రం దాకా "పాప్ అప్" అంటూనే ఉంది.

జూలై 24

అమావాస్య. రేపటి నుంచి శ్రావణం. ఇప్పటికే మూడు శుభలేఖల ఆర్డర్లు వచ్చాయి, కటింగ్ మెషిన్ ఇక ఖాళీ ఉండదు.

పెట్టె లెక్క: 121లో చివరి రెండు అరల్లో 57 ఉన్నాయి, మధ్యలో 41, మొదటి అరలో ఇంకా 23. ఆ 23లో 15 ఎర్ర చుక్కవి. "తో" కుప్పే ఇంకా పూర్తిగా లొంగలేదు. ఆగస్టులో ఎర్ర చుక్కల్ని రోజుకి రెండుసార్లు చూడాలని చెల్లి తనే నియమం పెట్టుకుంది.

పొద్దున డ్యూటీ దిగి వచ్చి, బ్యాగులోంచి ఒక తెల్ల కార్డు తీసి నా ముందు పెట్టింది. మొన్న అమ్మ అన్న మాట తన చేతిరాతతో రాసి ఉంది: "సాయంత్రమయ్యేసరికి కాళ్ళు లాగేస్తున్నాయి." వెనక ఖాళీ. "ఏకింగ్ అని రాద్దామనుకున్నాను అన్నయ్యా, కానీ అది నొప్పి. లాగడం నొప్పి కాదు కదా" అంది. ఇద్దరం చాలాసేపు చూశాం. హెవీ, టైర్డ్, డ్రాయింగ్, ఏదీ అతకలేదు. కార్డు వెనక పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం వేసి, మొదటి అరలో అన్నిటికంటే ముందు పెట్టాను.